బడి వదిలినా వదలని పుట

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికాలోని యూదుల బడి గురించి నాలుగు ముక్కలు రాశాను. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లుండే టీనెక్‌లో పక్కింటి పిల్లలు అలాంటి డే స్కూల్‌కి వెళ్తారని, అక్కడ సగం రోజు హీబ్రూ, మతగ్రంథాలు, మిగతా సగం లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఉంటాయని, అదే రకం బడిలో చదివిన వాళ్ల నాన్న యాభై దాటాక కూడా ఆ చదువు మర్చిపోలేదని చెప్పాను. దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. విడివిడిగా జవాబు రాయలేను కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే.

మాస్టారూ, నమస్కారం. మా ఆఫీసులో ఒకాయన యూదుల డే స్కూల్లోనే పన్నెండో క్లాసు దాకా చదివారట. ఇప్పుడు ఆయనకు పెద్దగా భక్తి లేదు, యూదులు పని మానుకునే శనివారం కూడా పని చేస్తారు, తిండి దగ్గర ఏ పట్టింపూ లేదు. అయినా హీబ్రూ గడగడా చదువుతారు. మీటింగులో ఏ గొడవొచ్చినా "ముందు కాంట్రాక్టులో ఏ మాట రాసి ఉందో చూద్దాం" అని కాగితం తీసేది ఆయనే. మా బాబు మూడేళ్లుగా ఆదివారం తెలుగు క్లాసుకు వెళ్తున్నాడు, ఇంకా ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. వాళ్లు ఏం చేస్తున్నారు, మేం ఏం చేయట్లేదు? మాన్పించేయమంటారా?
— ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా, మాన్పించే సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు గంటల లెక్క చూడండి. ఆదివారం 2 గంటల చొప్పున ఏడాదికి 35 వారాలనుకున్నా 70 గంటలే. డే స్కూల్లో రోజుకు 3 గంటలు వాళ్ల సొంత చదువుకు పోతాయనుకుంటే, 180 పనిదినాలకు 540 గంటలు, అదీ పన్నెండేళ్ల పాటు. యూదుల్లో కూడా ఆదివారం క్లాసులున్నాయి. వాటికి మాత్రమే వెళ్లిన పిల్లలు చాలామంది మీ బాబులాగే అక్షరాలు కూడబలుక్కుని, పదమూడేళ్లు నిండినప్పుడు జరిగే బార్ మిత్జ్వా అనే వేడుక కోసం మతగ్రంథంలో ఒక భాగం బట్టీ పట్టి అప్పజెప్పి, ఆ తర్వాత మర్చిపోతారు. కాబట్టి దయచేసి మీ వాడిని తిట్టకండి.

అయితే గంటలు ఎక్కువుంటే చాలా అంటే, చాలదు. మన దగ్గర కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు రోజుకు పన్నెండు గంటలు కూర్చుని చదివిన చదువు పరీక్ష అయిన వారానికి ఎంత మిగులుతోందో మనకు తెలియనిదా? తేడా ఆ గంటల్లో ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది.

ఒకటో క్లాసులో ప్రార్థన పుస్తకం ఇస్తారు, దానికి చిన్న పండగలాంటిది చేస్తారు, అమ్మానాన్నలు, తాతలు అందరూ వస్తారు. ఒకటి రెండేళ్లకు తోరా, అంటే యూదుల మూల మతగ్రంథం, దానికీ పండగే. ఆ తర్వాత రషి వస్తాడు. రషి 11వ శతాబ్దంలో ఫ్రాన్సులోని త్రోయ్ అనే ఊళ్లో ఉన్న వ్యాఖ్యాత, ఆయన వ్యాఖ్యానాన్ని వేరే రకం లిపిలో అచ్చు వేస్తారు, పిల్లలు ఆ అక్షరాలు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. ఇక టీచర్ అడిగే ప్రశ్న చూడండి. రషి ఏం చెప్పాడని కాదు, ఈ మాట దగ్గర రషికి ఏం ఇబ్బంది కలిగింది అని అడుగుతారు. అంటే మూలంలో ఏదో ఒక పదం ఎక్కువుంది, లేదా తక్కువుంది, లేదా వెనక చెప్పినదానికి అడ్డం వస్తోంది, అది పట్టుకుంటే గానీ ఆయన ఎందుకు నోరు విప్పాడో అర్థం కాదు. ఎనిమిదేళ్ల పిల్లలకు జవాబు చేతికిచ్చి ప్రశ్న వెతికిస్తున్నారు! నలభై ఏళ్లు తెలుగు చెప్పాను నేను, ప్రతిపదార్థాలు రాయించాను, తాత్పర్యాలు అప్పజెప్పించాను, ఈ ఒక్క ప్రశ్న క్లాసులో అడగాలని నాకు ఎన్నడూ తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయిదో క్లాసు, ఆరో క్లాసు ప్రాంతంలో తాల్ముద్ మొదలవుతుంది, అంటే ధర్మం, న్యాయం మీద పాత పండితుల వాదనలున్న గ్రంథం. చాలా బడుల్లో పిల్లల చేతికి మొదట వచ్చే అధ్యాయం దారిలో దొరికిన వస్తువుల గురించి. వీధిలో చెల్లాచెదురుగా పడిన డబ్బులు దొరికితే దొరికినవాడివి. అవే డబ్బులు సంచిలో ఉన్నా, మూడు నాణేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నా, చాటింపు వేసి సొంతదారుని వెతకాలి. ఎందుకంటే చెదిరిపోయిన చిల్లరకు గుర్తు చెప్పలేడు, పోగొట్టుకున్నవాడు దాని మీద నీళ్లొదులుకుని ఉంటాడు, సంచికైతే గుర్తు చెప్పగలడు కాబట్టి ఇంకా ఆశ పెట్టుకునే ఉంటాడు. సరే, ఇంతవరకూ బాగానే ఉంది. మరి పోయిందన్న సంగతే వాడికి ఇంకా తెలియకపోతే? తెలిసిన క్షణాన ఆశ వదులుకుంటాడు, అందులో అనుమానం లేదు, కానీ నీకు దొరికినప్పటికి తెలియదు. అప్పుడది నీదా, వాడిదా? రావా అనే పండితుడు నీదే అన్నాడు, అబాయే అనే పండితుడు కాదన్నాడు. ఇది పదకొండేళ్ల పిల్లల పాఠం.

మొదటిసారి టీనెక్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం పక్కింటి మెట్ల మీద ఇద్దరు మగపిల్లలు గట్టిగా అరుచుకుంటున్నారు. మధ్యలో ఒక పెద్ద పుస్తకం, ఒకడు పేజీ మీద వేలు పెట్టి వంగిపోతున్నాడు, ఇంకొకడు ఆ వేలు పక్కకు తోసేస్తున్నాడు. కొట్టుకుంటారేమోనని టెన్షన్ పడి మా అమ్మాయిని పిలిచాను. "హోంవర్క్ నాన్నా, రోజూ ఉండేదే" అంది. తర్వాత ఆ పిల్లాడినే అడిగాను, దేని గురించిరా అంత గొడవ అని. వాడు అబాయే పక్షమట, స్నేహితుడు రావా పక్షమట, పది నిమిషాలయ్యాక పక్షాలు మార్చుకుంటారట. ఇలా జంటగా చదవడాన్ని హవ్రూతా అంటారు. పైకి చదవాలి, ఎదుటివాడు ఒప్పుకునేదాకా చెప్పాలి, ఒప్పుకోకపోతే మళ్లీ పుటలోకి వెళ్లి చూపించాలి. ఇలా కొన్నేళ్లు చేసినవాడు పెద్దయ్యాక మీటింగులో కాంట్రాక్టు తీయక ఏం చేస్తాడు చెప్పండి. మీ ఆఫీసాయనకు భక్తి పోయి ఉండొచ్చు, వేలు పెట్టి చూపించే అలవాటు మాత్రం పోలేదు.

ఆ పిల్లాడి నాన్న పళ్ల డాక్టరు. కాలేజీ రోజుల నుంచి పదేళ్ల పైన ఆ పుస్తకాలు ముట్టుకోలేదని ఆయనే చెప్పారు. తాల్ముద్‌ను ఊగుతూ, ఒకలాంటి సాగదీసిన రాగంలో చదువుతారు, ప్రశ్నకు స్వరం పైకి లేస్తుంది, జవాబుకు దిగుతుంది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పుస్తకం తెరిస్తే పదాల అర్థం కంటే ముందు ఆ రాగం నోటికొచ్చిందట. మన చిన్నప్పటి ఎక్కాల రాగం ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే. ఇప్పుడు ఆయన పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లే ముందు రోజుకో ఆకు చదువుతారు. దీన్ని దాఫ్ యోమి అంటారు, 1923లో మేయర్ షపీరో అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, మొదలుపెట్టారు. ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ ఒకే రోజు ఒకే ఆకు. మొత్తం 2,711 ఆకులు, ఏడున్నరేళ్లు పడుతుంది. ఒక విడత పూర్తయిన సందర్భంగా 2020 జనవరి 1న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియం జనంతో నిండిపోయింది. చలిలో, ఫుట్‌బాల్ ఆడే మైదానంలో, ఒక పుస్తకం పూర్తి చేశామని.

సార్, మతగ్రంథాలు చదివితే లెక్కలకీ సైన్సుకీ ఏం లాభం? ఆ టైములో ఇంకో సబ్జెక్టు చదువుకోవచ్చు కదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

బాబూ, నీకు ఒక మనిషి గురించి చెప్తాను. రాబర్ట్ ఆమన్ 1930లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు, హిట్లర్ కాలంలో, 1938లో కుటుంబం న్యూయార్క్ పారిపోయి వచ్చింది. అక్కడ రబ్బీ జేకబ్ జోసెఫ్ స్కూల్ అనే యూదుల బడిలో చదివారు, తాల్ముదూ అక్కడే, లెక్కల మీద ఇష్టం పుట్టించిన మాస్టారూ అక్కడే. 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, గేమ్ థియరీలో చేసిన పనికి. ఆయన 1985లో మైకేల్ మాష్లర్‌తో కలిసి రాసిన పత్రం నీకు నచ్చుతుంది.

తాల్ముద్‌లో ఒక లెక్క ఉంది. ఒకాయన చనిపోయాడు, ముగ్గురు భార్యలు. పెళ్లినాటి ఒప్పందం ప్రకారం ఒకామెకు 100, ఇంకొకామెకు 200, మూడో ఆమెకు 300 రావాలి. ఆస్తి మాత్రం అంత లేదు. ఆస్తి 100 ఉంటే ముగ్గురికీ సమానం అన్నారు. 300 ఉంటే 50, 100, 150 అన్నారు, అంటే బాకీ నిష్పత్తిలో. 200 ఉంటే 50, 75, 75 అన్నారు. ఇది సమానమూ కాదు, నిష్పత్తీ కాదు. వందల ఏళ్లు దీనికి రకరకాల వివరణలిచ్చారు, ఏదీ పూర్తిగా పొసగలేదు.

దీనికి తాళం అదే తాల్ముద్‌లో ఇంకో చోట ఉంది. ఇద్దరు ఒక శాలువా పట్టుకుని ఉన్నారు. ఒకడు మొత్తం నాదే అంటాడు, ఇంకొకడు సగం నాది అంటాడు. సగం నాది అన్నవాడు మిగతా సగం నాది కాదని ఒప్పుకున్నట్టే కదా, కాబట్టి ఆ సగానికి తగువే లేదు, అది మొదటివాడిది. తగువున్న సగాన్నే చెరిసగం చేయాలి. వాడికి ముప్పావు, వీడికి పావు. ఇప్పుడు 200 ఆస్తికి రా. మొదటి ఇద్దరు భార్యలకూ కలిపి వచ్చింది 125. వంద బాకీ ఉన్నామె 25 నాది కాదని ఒప్పుకున్నట్టే, అది రెండో ఆమెకు. మిగిలిన 100 చెరిసగం. 50, 75. సరిపోయిందా? రెండో ఆమెనూ మూడో ఆమెనూ చూడు, ఇద్దరికీ కలిపి 150, ఇద్దరూ మొత్తం నాదే అనగలరు, 75, 75. మూడు ఆస్తుల లెక్కల్లోనూ ఏ ఇద్దరిని తీసుకున్నా శాలువా న్యాయమే కుదురుతుంది. కాగితం తీసుకుని మిగతా రెండూ చేసి చూడు, నాకు చేసినప్పుడు ఒళ్లు జలదరించింది.

గణితం తెలిసినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు, తాల్ముద్ తెలిసినవాళ్లూ ఉన్నారు. రెండూ చిన్నప్పుడే ఒక బుర్రలో పడి, ఆ పాత పుటను పెద్దయ్యాక కూడా తిరగేసే మనిషికే ఇది దొరికింది. అలా అని అక్కడ చదివిన ప్రతివాడూ ఆమన్ అవుతాడని నేను అనడం లేదు, ఎవరైనా అలా అంటే నమ్మకు.

మీరు మరీ మెచ్చుకుంటున్నారు. మతం బడిలోకొస్తే పిల్లల బుర్రలు మూసుకుపోవా? మన దగ్గర ఏ మతంవాళ్లు ఇలాంటి బడి పెట్టినా మీరు ఇలాగే రాస్తారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. పోయిన నెల నేను ఒక పక్కే రాశాను, అది నా పొరపాటు.

యూదుల డే స్కూళ్లంటే ఒకటే రకం కాదు. ‘అవి చాయ్’ (Avi Chai) అనే ఫౌండేషన్ లెక్క ప్రకారం 2013-14లో అమెరికాలో 861 స్కూళ్లు, దాదాపు 2,55,000 మంది పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది హసిదీ, ఇంకా ఇతర కఠిన సంప్రదాయ కుటుంబాల పిల్లలు. న్యూయార్క్‌లో కొన్ని హసిదీ మగపిల్లల బడుల్లో రోజంతా మతగ్రంథాలే. ఇంగ్లీషు, లెక్కలు చాలా తక్కువ, కొన్నిచోట్ల దాదాపు లేనట్టే. ప్రైవేటు బడి చదువు ప్రభుత్వ బడి చదువుకు సమానంగా ఉండాలని ఆ రాష్ట్ర చట్టం చెబుతుంది. ఆ బడుల్లో చదివి బయటికొచ్చినవాళ్లే, పద్దెనిమిదేళ్లొచ్చాక ఉద్యోగం దరఖాస్తు నింపడం చేతకాక అవస్థపడినవాళ్లే, ఫిర్యాదు చేశారు, సంస్థ పెట్టుకుని ఏళ్ల తరబడి పోరాడారు. 2023లో నగర విద్యాశాఖ విచారణ ముగించి, అలాంటి 18 స్కూళ్లలో చదువు ప్రమాణానికి తగ్గట్టు లేదని తేల్చింది. అక్కడ చదివినవాళ్ల మీద కూడా బడి ప్రభావం జీవితాంతం ఉంది. ఆ బరువు మోసేది వాళ్లే. పిల్లాడికి దేశభాష రాకుండా చేసే హక్కు ఏ మతానికీ, ఏ తల్లిదండ్రులకూ లేదని నా గట్టి అభిప్రాయం, మన దగ్గరైనా అంతే.

ఇంకో మాట. ఈ బడుల్లో చదివినవాళ్లు పెద్దయ్యాక మతాచారాలు ఎక్కువ పాటిస్తారని సర్వేలు చూపిస్తాయి. కానీ అలాంటి బడిలో వేసే కుటుంబాలు ముందునుంచే ఆచారం ఉన్నవి. శుక్రవారం సాయంత్రం ఇంట్లో దీపం పెట్టే తల్లి, బల్ల చుట్టూ పాటలు, ఇవన్నీ బడి లెక్కలో వేసేయడం తప్పు. పైగా ఖర్చు. న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతంలో ఒక్క పిల్లకు ఏడాదికి 20 వేల డాలర్లు దాటడం మామూలే, ముగ్గురు పిల్లలుంటే ఇల్లు కొనడం వాయిదా వేసుకున్నవాళ్లను చూశాను. అంత డబ్బు పోసే తల్లిదండ్రులు చదువును ఊరికే గాలికి వదిలేయరు కదా.

పక్కింటి డాక్టరుగారి తమ్ముడు కూడా అదే బడిలో చదివాడు. ఆయన ఇప్పుడు ఏమీ పాటించడు, అన్న ఇంటికి పండగకు వచ్చినా తల మీద కిప్పా అనే చిన్న టోపీ పెట్టుకోడు. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒక వాక్యం మీద అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. కిటికీలోంచి నాకు గొంతులు వినపడుతూనే ఉన్నాయి. నమ్మకం ఒకరికి మిగిలింది, ఒకరికి పోయింది, వాదన ఇద్దరికీ మిగిలింది. బుర్ర మూసుకుపోవడం అంటే ఇదైతే నాకు అభ్యంతరం లేదు.

ఆడపిల్లలకు కూడా ఇవన్నీ చెప్తారా?
— కర్నూలు నుంచి ఒక టీచర్

బడిని బట్టి. పాతకాలంలో అబ్బాయిలకే. 1917లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో సారా షెనీరర్ అనే ఆమె ఆడపిల్లల కోసం బేస్ యాకోవ్ బడి పెట్టింది. ఆమె వృత్తి బట్టలు కుట్టడం. తన దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లు ఒంటికి అంత శ్రద్ధగా కొలతలిస్తారు, లోపలికి తొడగడానికి మాత్రం వీళ్లకేమీ లేదే అని ఆమె బాధపడిందట. అందులోంచి పుట్టిన బడులు ఇవాళ చాలా దేశాల్లో ఉన్నాయి, అయితే వాటిలో సాధారణంగా ఆడపిల్లలకు తాల్ముద్ చెప్పరు. 1937లో బోస్టన్‌లో రబ్బీ సొలొవైచిక్ పెట్టిన మైమొనిడీస్ స్కూల్లో ఆడపిల్లలకూ తాల్ముద్ చెప్పారు. పక్కింటి పాప కూడా చదువుతోంది, వాళ్లన్న కంటే గట్టిగా అరుస్తుంది.

మన దేశంలో అలాంటి బడులున్నాయా?
— ఖమ్మం

ఉన్నాయి, కానీ వాటిలో యూదు పిల్లలు దాదాపు మిగల్లేదు. కోల్‌కతాలో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ 1881 నాటిది, ముంబైలో సర్ ఎల్లీ కదూరీ స్కూల్ మూలాలు 1875లో ఉన్నాయి. యూదు కుటుంబాలు చాలావరకు ఇజ్రాయెల్‌కూ ఇంగ్లండ్‌కూ వెళ్లిపోయాయి, ఇప్పుడు ఆ రెండింటిలోనూ చదివేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం పిల్లలు. ఆ బడుల పేర్లు అలాగే ఉన్నాయి, ఆ పిల్లలకూ అవి తమ బడులే. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లకు సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం ఉంది, డే స్కూల్ లేదు.

ఇక ఎడిసన్ అమ్మగారికి బాకీ ఉన్న జవాబు. మాన్పించకండి. కానీ వారానికి ఒక్క అరగంట ఇలా చేసి చూడండి. మీ బాబు వయసు పిల్లాడు ఇంకొకణ్ణి పిలవండి, ఇద్దరికీ కలిపి ఒకే కాగితం ఇవ్వండి, రెండు కాపీలు వద్దు. చదవడం పైకే చదవాలి. అర్థం మీరు చెప్పకండి, ఈ మాట ఇక్కడ ఎందుకుంది అని మాత్రం అడగండి. పాఠ్యపుస్తకం అక్కర్లేదు, మీ తాతగారు ఎప్పుడో రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఉంటే చాలు.

పోయిన వేసవిలో మా మనవరాలిని, వాళ్ల వీధిలోనే ఉండే ఇంకో తెలుగు పాపను కూర్చోబెట్టి మా నాన్నగారు 1974లో నాకు రాసిన ఉత్తరం ఇచ్చాను. మొదటి మాట "ఉభయకుశలోపరి". దాన్ని విడగొట్టడానికే వాళ్లకు పావుగంట పట్టింది. ఉభయ అంటే ఇద్దరూ, కుశలం అంటే బాగుండటం, ఉపరి అంటే ఆ పైన, అంటే ఇద్దరం బాగున్నాం, ఇక ఆ పైన సంగతులు అని తేల్చుకున్నారు. నేను లేవబోతుంటే మా మనవరాలు కాగితం మీద వేలు పెట్టి ఆపింది. "తాతయ్యా, ముత్తాత ఇది రాసేటప్పటికి నువ్వు బాగున్నావో లేదో ఆయనకు తెలీదు కదా, మరి ఇద్దరూ బాగున్నారని ఎలా రాశాడు?"

యాభై ఏళ్లు ఆ మాటతోనే నేనూ ఉత్తరాలు రాశాను. జవాబు చెప్పలేకపోయాను. తాల్ముద్‌లో తేలని ప్రశ్నకు "తేకూ" అని రాసి అలాగే ఉంచేస్తారని పక్కింటి పిల్లాడు చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ ఉత్తరం అంచున పెన్సిల్‌తో అదే రాసిపెట్టాను. రెండో పాప మాత్రం ఊరుకోలేదు, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది.